వంచిన నీళ్లు

ఈ మనిషి ఎక్కడికి పోయాడో ఏమో. రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది అదుముకుంటూ వచ్చి నేనీ బల్ల మీద కూర్చున్నానో లేదో, "ప్రభా, నువ్వు ఈడే కుచ్చో, నేను ఇట్ట పోయి అట్ట వచ్చేస్తా" అని చెప్పులు టపటపలాడించుకుంటూ ఆస్పత్రి గేటు దాటేశాడు. ఇట్ట పోవడం చూశాను, అట్ట రావడమే కనబడటం లేదు. రిపోర్టు రావడానికి గంట పడుతుందని ల్యాబ్ అమ్మాయి చెప్పింది. ఆ గంటసేపు పెళ్లాం పక్కన కూర్చుని నాలుగు మాటలు చెబితే ఏం పోతుంది? బస్టాండు దగ్గర టీ అంగట్లో పాత డిపో స్నేహితులు దొరికి ఉంటారు. రిటైరైన డ్రైవర్లు నలుగురు ఒకచోట చేరితే ఇక మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న మలుపులన్నీ నోటితోనే ఇంకోసారి తిరిగి రావాల్సిందే. తిరిగి రానీ. నాకేమన్నా భయమా? భయమే, ఎందుకు దాచుకోవాలి, అరచేతులు చూడు ఎట్లా చెమట పట్టాయో. గోడవతల మార్కెట్‌కు పోయే టమోటా లారీ హారన్ కొడితే గుండె ఝల్లుమంది. పోయిన నెల రక్తంలో పొటాషియం ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చింది. "ఈసారి కూడా దిగకపోతే ఈ ఆకుకూరల భోజనం ఆపాల్సి వస్తుందమ్మా, డయాలసిస్ సంగతి కూడా ముందే మాట్లాడుకుందాం" అని డాక్టరు గారు కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పారు. కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పే మాట ఎప్పుడూ మంచి మాట కాదు. ఏం ప్రభావతీ, ఏడాది నుంచి నువ్వు తిన్న ఆకూ అలమూ అంతా గంగలో కలిసినట్టేనా? కాదు. దిగే ఉంటుంది. దిగకుండా ఎక్కడికి పోతుంది, నా ఒంట్లో ఉంటూ నా మాట వినకుండా!

అసలు నా చేత ఆకుకూర తినిపించడం మా అమ్మ వల్లే కాలేదు. పుంగనూరులో మా ఇంట్లో తోటకూర పప్పు చేసిన రోజు నేను కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చుంటే, మా నాన్న జాలిపడి నిన్నటి కోడికూర అడుగు గీకి పెట్టేవాడు. పెళ్లయి మదనపల్లె వచ్చాక ఇక అడిగేవాళ్లెవరు? ఆదివారం అంటే ఆరాధన, ఆరాధన అయ్యాక మటన్. చర్చి కాయిర్‌లో ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది స్థాయి, పాడతాను నేను, ఆఖరి ఆమెన్ ఇంకా నోట్లో ఉండగానే నా మనసు ఇంటికి పోయి మసాలా నూరుతూ ఉండేది. దేవుడికి తెలియదా, తెలుసు, అయినా ఏమీ అనలేదు. అనాల్సినదంతా కిడ్నీల చేత అనిపించాడు. మెట్లెక్కితే ఆయాసం, పాటలో సగం వరుస దాటకముందే ఊపిరి చాలకపోవడం, వయసు అనుకున్నాను. రక్తం పరీక్షలో క్రియాటినిన్ అనే పేరు మొదటిసారి విన్నప్పుడు ఎవరో జర్మనీ దొరసాని అనుకున్నాను. కిడ్నీలు సగానికి పైగా పని మానేశాయట, ఉన్నంతవరకూ కాపాడుకోవాలట. అప్పుడు కనబడింది ఈ డైట్ మేడమ్, ప్రసన్నలక్ష్మి. ఇంత మనిషి, అంత నవ్వు. మాంసం మానేసి పప్పులూ కూరగాయలూ ఆకుకూరలూ కొలతగా తినమంది. నాకు ఒళ్లు మండింది. "నేనేమన్నా మేకనా మేడమ్, ఆకులు తినేదానికి?" అన్నాను. ఆమె పకపకా నవ్వి, "ఇన్నేళ్లు మేకను తిన్నారు గదమ్మా, ఇంక మేక తినేది తిని సూడండి" అంది. ఆ నవ్వు చూసి ఒప్పుకున్నానే గాని ఆకులు చూసి కాదు.

మాంసం పెట్టే బరువు పప్పులు కిడ్నీల మీద పెట్టవట. అది మంచిదే, వినడానికి. ఉప్పు సగానికి సగం. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, టమోటా వద్దు. మదనపల్లెలో కాపురం ఉంటూ టమోటా వద్దంటే ఏమనాలి, ఊరు ఊరంతా లారీలకు ఎత్తేది అదే, వీధిలో కాలికింద పడేది అదే! ఇక ఆకుకూరలూ గడ్డలూ అయితే బాగా నీళ్లు పోసి ఉడకేసి, ఆ నీళ్లు వంచేసి, అప్పుడు తాళింపు పెట్టుకోవాలి. పొటాషియం నీళ్లలోకి దిగిపోతుందట. సరే అని మొదలు పెట్టాం. ఆరు నెలలు తిరిగేసరికి క్రియాటినిన్ ఎక్కడిదక్కడ నిలబడిపోయింది, కాయిర్‌లో ఊపిరి మళ్లీ వరుస చివరిదాకా పోయింది. ఇంకేం, నేనే నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాను. బీరకాయ గొప్పతనం గురించి చర్చి మెట్ల మీద నిలబడి ప్రసంగం చేసేదాన్ని. మా పాస్టరమ్మ నన్ను చూసి దారి మార్చుకునేదని మా ఆయన అంటాడు. అబద్ధం. ఒకసారి మార్చుకుంది, అంతే.

మా ఆయన! ఇంకా రాలేదు చూడు. నాకు ఈ జబ్బని తెలిసిన రోజు రాజరత్నం చేసిన పని నేను చచ్చేదాకా మరచిపోను. ఉద్యోగమంతా కుప్పం బస్సు నడిపాడు, పొద్దున ఇక్కడ ఎక్కితే పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం, మళ్లీ వెనక్కి. ఇంట్లో పాలు పొంగుతుంటే నన్ను కేకేసేవాడే గాని స్టవ్ ఆర్పడం తెలియని మనిషి. ఆ రోజు వంటింట్లోకి వచ్చి, నా చేతిలో గరిటె తీసుకుని, "నువ్వు దిగు ప్రభా. ఈ బండి ఇంక నేను నడుపుతా" అన్నాడు. నాకు కోపం రాలేదనుకున్నారా? వచ్చింది. ముప్పై ఏళ్లుగా నాది ఆ వంటిల్లు. కానీ ఘాట్ రోడ్డులో స్టీరింగ్ పట్టినట్టు గరిటెను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పక్కకు జరిగి దారిచ్చాను. కుప్పంలో ఉన్న మా ఆడబిడ్డ ఫ్లారెన్స్ ఆయనకు గురువు. స్టవ్ పక్కన ఫోను నిలబెట్టి స్పీకరు పెట్టేవాడు. ఆమె అక్కడినుంచి చెవితోనే వంట చేయించేది. "ఒరే రాజా, ఆవాలు ఏసినావా? సిటపట ఇనపళ్లేదే! నూనె కాగలేదురా, యాల అంత తొందర నీకు?" అని అరుపులు. ఈయన ఇక్కడ "కాగతాండాదిలే అక్కా" అని బతిమాలుకోవడం. కుక్కర్ మూడో విజిల్ వేస్తే రోజూ విన్న అలవాటు కొద్దీ కండక్టరులా "రైట్ రైట్" అనేవాడు. మొదటి వారం పెట్టిన బెండకాయ కూరను కాకులు కూడా ముట్టుకోలేదు. రెండో నెలకు నేను రెండోసారి వడ్డించమన్నాను. ఆ పూట ఆయన మీసం చూడాలి మీరు.

అన్నిటికంటే చారు. ఆ చారు తలచుకుంటే ఇప్పుడు కూడా, పరగడుపున, రక్తం ఇచ్చిన ఈ నోట్లో నీళ్లూరుతున్నాయి. మా అత్తవాళ్లది కుప్పం, ఆ వైపు ఇళ్లల్లో పద్ధతే అది, ఆకు ఉడకేసినా పప్పు ఉడకేసినా ఆ నీళ్లు వంచి, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర నూరి కలిపి, కాస్త చింతపండు పిసికి చారు కాస్తారు. ఆకు తాళింపుకు, నీళ్లు చారుకు. కన్నడం కలిసిన ఊరు కదా, బస్సారు అంటారు. బస్సు నడిపినవాడు చేసేది బస్సారు కాక ఇంకేమవుతుందని నేను ఏడిపిస్తుంటాను. మా అత్త బతికినంతకాలం ఉడకేసిన నీళ్లు ఒక్క చుక్క మురుగు మోరీ ముఖం చూడలేదు. మా ఆయన కూడా గిన్నె మీద గుడ్డ వేసి, రివర్సులో బండి పెట్టినంత జాగ్రత్తగా వంచుతాడు, ఒక్క చుక్క కింద పడనివ్వడు. ఉప్పు తగ్గించి, మిరియాలు పెంచి, నా కోసం తన తల్లి చారును నెలల తరబడి సాధన చేశాడు. ఉప్పు లేని ఈ తిండిలో నాకు ప్రాణం లేచొచ్చేది దానితోనే. మొదట్లో అన్నంలోకి గరిటెడే, చారు బాగా కుదిరాక ఈమధ్య పగలు ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. "అమ్మ చేతి చారు దిగిందా?" అని నా ముఖంలోకి చూస్తాడు. దిగింది అంటాను. చిన్నపిల్లవాడిలా వెలిగిపోతాడు.

అట్లాంటి మనిషి ముందు పోయిన నెల డాక్టరు గారు నన్ను అడిగారు, చాటుగా ఏమన్నా తింటున్నావా అమ్మా, కొబ్బరినీళ్లా, అరటిపళ్లా, జామకాయలా అని. నేను నోరు తెరిచేలోపే ఈయన లేచి నిలబడ్డాడు. "సార్, మా ప్రభావతి మీద నాది గ్యారంటీ. నా చేతి వంట తప్ప ఆమె నోట్లో ఏమీ పడదు. ఆమె అబద్ధం ఆడదు." బస్సులో టికెట్ చెకింగ్ వాళ్లతో మాట్లాడినంత గట్టిగా అన్నాడు. బయటికి వచ్చాక ఒక్క ప్రశ్న వేయలేదు నన్ను. ఒక్కటి. నేనైతే వేసేదాన్నే.

"జరుగు జీ, కొంచెం కుచ్చుంటా" అని పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. నల్ల బురఖా, చేతిలో గుడ్డ సంచి, ఒళ్లంతా అత్తరు వాసన. పేరు షంషాద్, పుంగనూరట. మా ఊరు అనగానే నాకు సంతోషమైపోయింది, ఏ వీధి, ఎవరింటి పక్క అని మొదలుపెట్టాను. ఆమె భర్త ముక్తియార్‌కు పుంగనూరులో మటన్ అంగడి. ఆయనకూ కిడ్నీలే, ఆయనకూ మన ప్రసన్నలక్ష్మి మేడమే. నాకు నవ్వాగలేదు. మటన్ కొట్టేవాడికి సొరకాయ! ఆమె కూడా నవ్వింది, కడుపు పట్టుకుని. "ఏం సెప్పేది అమ్మా, పొద్దంతా కైమా కొట్టి ఇంటికొచ్చి కంచంలో సొరకాయ సూసి, క్యా షంషాద్, నన్ను కోసినట్టుండాది అంటాడు! అయినా తింటాండాడు. పొటాషియం దిగిపోయినాది. ఆకుకూర గూడా పెడతాండా, బాగా ఉడకేసి." నేను పెద్ద తెలిసినదానిలా తలూపాను. మేమూ అంతే, ఆ నీళ్లతో చారు ఎంత బాగుంటుందో మిరియాలు వేసి చూడమ్మా అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసింది. "ఆ నీల్లు తాగుతాండావా? అయ్యో అల్లా! నేను మోరీలో పోసేస్తా అమ్మా. అందులోనే గదా అంతా దిగేది!"

అంతా అందులోనే దిగేది. ఓరి దేవుడా. ఆకులోంచి పొటాషియం నీళ్లలోకి, నీళ్లలోంచి చారులోకి, చారులోంచి రోజూ రెండు గ్లాసులు నాలోకి. మొదట నాకు నవ్వొచ్చింది, నిజంగా, పొట్ట అదిరేంత నవ్వు, షంషాద్ భయపడి నా వీపు రుద్దింది. ఏడాదంతా ఆకు పిప్పిని కొలిచి కొలిచి తిని, తినకూడనిదాన్ని మాత్రం ఇంకో గ్లాసు పోయమని అడిగి తాగానా! ఇంతేనా, దీనికా నేను రాత్రీ పగలూ హడలిపోయింది, నీళ్లు పారబోస్తే సరిపోయే జబ్బుకు? ప్రాణం తేలికైపోయింది. లేచి మేడమ్ గదిలోకి పరుగెత్తి చెప్పేద్దామనుకున్నాను. లేచాను కూడా. అప్పుడు గుర్తొచ్చాడు ఆ మనిషి. ఆయన ముఖం. అమ్మ చేతి చారు దిగిందా అని అడిగే ముఖం. మళ్లీ కూలబడ్డాను.

ఎట్లా చెప్పను? సర్వీసంతా ఒక్క యాక్సిడెంటు చేయలేదు ఆయన. ఒకసారి వి.కోట దాటాక కుక్కపిల్ల అడ్డం వస్తే బ్రేకు కొట్టి, దానికి ఏమీ కాకపోయినా ఇంటికొచ్చి అన్నం తినలేదు. అట్లాంటివాడికి, నీ చేతి చారే నన్ను డయాలసిస్ గడప దాకా తోసిందని చెప్పనా? మళ్లీ స్టవ్ ముట్టిస్తాడా? ముట్టించడు. నాకు తెలుసు. వంటింటి గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు. నాకు కిడ్నీ పోతే పోయింది గాని ఆ మనిషి అట్లా నిలబడటం నేను చూడలేను. సరే, చారు నాకు విసుగొచ్చిందని చెప్పి మానేస్తాను. మరి ఈరోజు? పొటాషియం తగ్గి ఉండదు, అది ఖాయం, ఇవాళ మేడమ్ అడుగుతుంది, ఏం తిన్నావని. చాటుగా అరటిపండ్లు తిన్నానని చెబుతాను. అప్పుడు? గ్యారంటీ ఇచ్చిన మనిషి తల ఎక్కడ పెట్టుకుంటాడు? ఆమె అబద్ధం ఆడదు సార్ అన్నాడే! వంట మీద నమ్మకం నిలబెడితే నా మీద నమ్మకం పోతుంది, నా మీదిది నిలబెడితే వంట మీదిది పోతుంది. ఏదో ఒకటి పోవాలి. పోనీ, నాదే పోనీ. నన్ను నాలుగు రోజులు తిడతాడు, తర్వాత మరచిపోతాడు. తన్ను తాను తిట్టుకోవడం మొదలుపెడితే మాత్రం ఆపడు. అవును, ఇదే. అరటిపండు. పెదాల మీద అనుకుని చూశాను, అరటిపండు, అరటిపండు. ఆల్టో పాడే గొంతు, నా అబద్ధం కూడా కొంచెం కిందిస్థాయిలోనే పలికింది. షంషాద్ నా వైపు అనుమానంగా చూస్తూ, "నీకు ఆకలిగా ఉండాదా అమ్మా?" అంది.

లోపలినుంచి నా పేరు పిలిచారు. సరిగ్గా అప్పుడే గేట్లోంచి వచ్చాడు మా ఆయన, చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి, చేతిలో మా ఇంటి టిఫిన్ క్యారియర్. ఇంటి దాకా పోయొచ్చాడన్నమాట. టీ అంగడి కాదు. "యాడికి పోయినారు మీరు?" అని గుడ్లురిమితే, "పద పద, పిలస్తాండారు" అని ముందు నడిచాడు.

ప్రసన్నలక్ష్మి మేడమ్ రిపోర్టు చూసి నవ్వలేదు. క్రియాటినిన్ అట్లాగే ఉంది, అది మంచిదేనట. పొటాషియం మాత్రం ఇంకొంచెం పెరిగింది. "నిజం చెప్పండమ్మా. ఏం తింటాండారు?" అంది, మెత్తగా.

"అరటిపండు" అన్నాను. "రోజూ. చాటుగా."

మా ఆయన నా వైపు తిరిగి చూశాడు. నేను గోడ వైపు చూశాను. అదేమిటో, ఆయన నవ్వాడు. "యాల అబద్ధం చెప్తాండావు ప్రభా? అరటిపండు వాసనొస్తేనే కడుపులో తిప్పుతుందని పక్కింటివాళ్లు ఇచ్చినవి గూడా నాకే పడేస్తావే!" అన్నాడు. ఏం తెలివి నాది, పండ్లన్నిటిలో ఆ పండే దొరికింది! ఆయన మేడమ్ వైపు తిరిగాడు. "మేడమ్, ఈమె నోట్లోకి పోయేదంతా నా చేత్తోనే పోతాండాది. అంటే తప్పు నా కాడనే ఉండాది. బండి సౌండు మారితే ప్యాసింజర్లను అనుమానిస్తే ఎట్ల? నెల నుంచి నాకిదే ఆలోచన. ఇదో, రోజూ ఏం పెడతాండానో అదే వండి డిపోకు తెచ్చినా. మీరే ఇప్పి సూడండి." క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటి విప్పి బల్ల మీద వరసగా పెట్టాడు.

నేను ఆయన్ను కాపాడదామని కూర్చున్నాను, ఆయన తప్పు తనదేనని నెల రోజులుగా మోస్తూ తిరుగుతున్నాడు. నా కళ్లలో నీళ్లు ఆగలేదు. మేడమ్ అన్నం చూసింది, బాగుంది. బీరకాయ పెసరపప్పు చూసింది, బాగుంది. తోటకూర తాళింపు వేలితో ముట్టి చూసి, మెత్తగా ఉడికించారే అని మెచ్చుకుంది. నాలుగో గిన్నె మూత తీయగానే గదంతా మిరియాల వాసన. "ఇదేంది?"

"చారు మేడమ్. మా అమ్మ పద్ధతి. ఆకు ఉడకేసి వంచిన నీళ్లు పారబోయకుండా..." అంటూ గర్వంగా మొదలుపెట్టాడు. మాట మధ్యలో నెమ్మదించింది. ఆగింది. గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

మేడమ్ తల పట్టుకుంది. "అయ్యో అప్పా! మాది వి.కోట. మా ఇంట్లో గూడా ఇట్లే సేస్తారు. నీళ్లు వంచమన్నానే గాని, వంచినాక మనోళ్లు ఏం సేస్తారో నాకు తట్టనే లేదు సూడండి!" అంది.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. "అంటే ఆకు తినొచ్చా ఆమె?" అన్నాడు చివరికి. తినొచ్చు, పప్పూ కూరా అన్నీ ఇట్లాగే తినాలి, ఏదీ మానొద్దు, నీళ్లు మాత్రం వద్దు, డాక్టరు గారు మందు రాస్తారు, వారంలో మళ్లీ చూద్దాం, డయాలసిస్ మాట ఇప్పుడు ఎందుకు అని మేడమ్ గబగబా చెప్పింది. ఆ మాటలకు ఆయన భుజాలు కిందికి దిగాయి. కళ్లు తుడుచుకున్నాడు.

"నా కిడ్నీలకేం కాలేదు గదా మేడమ్? పోయిన్నెలే పరీక్ష సేసినారు" అన్నాడు. ఆమె ఏమీ కాలేదు అనగానే, నాలుగో గిన్నె రెండు చేతులా ఎత్తుకుని, ఆ గదిలో నిలబడి, గటగటా చారంతా తాగేశాడు. మీసానికి అంటిన మిరియాల పొడి చేత్తో తుడుచుకున్నాడు.

"రేపట్నుంచి ఆకు నీది ప్రభా, నీళ్లు నాది" అన్నాడు.

నేను లేచి గిన్నెలోకి తొంగి చూశాను. వాసనకైనా ఒక్క చుక్క మిగల్చలేదు, దుర్మార్గుడు.